మూసాపేటలో నేను పీకేసిన వైరు

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాదే. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన ఘనకార్యాలు చెప్పమంటే పొద్దుగూకేదాకా చెబుతాను. మా ఇంట్లో వినేవాళ్లు చేతులెత్తేశారు, అది వేరే సంగతి. ఇవాళ రాసేది మాత్రం ఘనకార్యం కాదు. సోఫాలో కాళ్లు ముడుచుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, "ఛ, మళ్లీ నెట్ పోయింది" అని విసుక్కునే పిల్లలారా, ఇది మీకోసమే. ఆ నెట్ బాగు చేయడానికి సంచీ తగిలించుకుని వచ్చే మనిషి బుర్రలో ఏం తిరుగుతుందో మీకు తెలియాలి. అబ్బ! ఆ బుధవారం గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

పేర్లు రాయను. అందరూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు, నేను కూడా ఈ బజార్లోనే కూరగాయలు కొనుక్కోవాలి.

నేను టెలిఫోను స్తంభాలెక్కే పనితో మొదలుపెట్టాను. తర్వాత కేబుల్ టీవీ. మాదాపూర్‌లో అద్దాల ఆఫీసులు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజుల్లో నేల పలకలు ఎత్తి, వాటి కింద బోర్లా పడుకుని వైర్లు లాగాను. చివరి పదేళ్లు ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌ని. ఇన్నేళ్లు వైరుతో బతికినవాడికి వైరంటే ప్రేముండాలి కదా అంటారేమో. ఏం ప్రేమ! వైరంటే నాకు ఒళ్లుమంట. ఎలుక కొరికేది వైరును. జేసీబీ తెంపేది వైరును. నిచ్చెనలు ఎక్కి ఎక్కి నా రెండు మోకాళ్లూ అరిగింది వైరు వల్ల. అందుకే ఇళ్లల్లోకి వైఫై వచ్చిన రోజున నాకు పండగే. డబ్బా గోడకు తగిలించు, లైటు వెలిగించు, వచ్చెయ్. ఎవరింటికి వెళ్లినా "ఇంకా ఈ వైర్లేంటమ్మా, పాతకాలం లెక్క?" అని నేనే పీకించేవాణ్ని.

మా బ్రాంచి ఆఫీసు మూసాపేట మెట్రో స్టేషన్ దగ్గర ఒక షట్టరు గది. అక్కణ్నుంచి అటు కోకాపేట టవర్ల దాకా మా ఏరియా. నాతోపాటు పదేళ్లు తిరిగిన సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. కోనసీమ మనిషి, నాకన్నా ఐదారేళ్లు చిన్న. నన్ను "గురువుగారూ" అనేవాడు, నేను ఆయన్ని "ఓ గోదారాయనా" అనేవాణ్ని. ఆయనకు వైరంటే ప్రాణం. "గాలిని నమ్ముకుంటే ఎలాగండి? కదలకుండా ఒకచోట కూర్చుని పని చేసుకునే మనిషికి వైరే ఇవ్వాలండి," అనేవాడు. "నీ వైరు నువ్వే మెడల ఏసుకోవయ్యా," అనేవాణ్ని నేను. చాయ్ తాగినన్ని సార్లు ఈ పోట్లాట ఉండేది, చాయ్ అయిపోగానే ఇద్దరం ఒకే బండి మీద పోయేవాళ్లం.

మూసాపేటలోనే ఒక సందులో, రెండో అంతస్తులో, కిరాయికి ఉండే కుటుంబం ఒకటి. భర్త ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. భార్య సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. సిద్దిపేట వైపు అమ్మాయి, గలగలా మాట్లాడుతుంది. ఇంట్లో అత్తమ్మ కూడా ఉంటుంది. ఆ అమ్మాయికి ఐదో నెల అప్పుడు భర్త నన్ను పిలిచాడు. హాల్లో ఉన్న డబ్బా నుంచి పడగ్గది దాకా నేల మీద వైరు పరిచి ఉంది. దాని మీద ఖాకీ రంగు టేపు. ఆమె ఒకసారి దానికి కాలు తట్టుకుని తూలిందట. "అంకుల్, పరేషాన్ అవుతుంది, జర ఏమన్నా చెయ్యి," అన్నాడు.

నాకు అంతకన్నా ఏం కావాలి! పాత డబ్బా తీసి, నాలుగు కొమ్ములున్న కొత్త వైఫై డబ్బా పెట్టాను. గుమ్మం దాకా టేపు ఊడదీసి, వైరును హాల్లోంచే లాగి, చుట్టచుట్టి సంచిలో పడేసుకున్నాను. గోదారాయన గొణిగాడు: "గురువుగారూ, తీసేసే ముందు ఒకసారి గోడ మీంచి వెయ్యొచ్చేమో చూద్దామండి." ఇల్లు గలావిడ కింది అంతస్తులోనే ఉంటుంది, గోడకు మేకు కొడితే ఇల్లు ఖాళీ చేయమంటుందని ఆ భర్తే చెప్పాడు. "విన్నవ గద? ఇగ నడువ్," అని నేను మెట్లు దిగేశాను.

నెల తిరక్కముందే ఫిర్యాదు వచ్చింది. మీటింగులో మాట తెగిపోతోందని. వెళ్లాను. హాల్లో నిలబడి ఫోనులో స్పీడు చూశాను, బ్రహ్మాండంగా ఉంది. పడగ్గది గుమ్మం దాకా వెళ్లి అక్కణ్నుంచి కూడా చూశాను. లోపల ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని పని చేసుకుంటోంది. అప్పటికే డాక్టరు పూర్తిగా పడుకునే ఉండమని చెప్పిందట. ఆడపిల్ల పడుకుని ఉన్న గదిలోకి మేం పోము. అది మా పనిలో రాయని కట్టుబాటు. గుమ్మంలోనే నిలబడి ఫోను ఎత్తి చూపించాను.

"చూడు బిడ్డా, తొంబై వస్తున్నది. ఇంకేం గావాలె?"

"స్పీడ్ ఉంది అంకుల్. కాల్‌ల కూసుంటెనే పోతున్నది."

"మరి అది నీ ల్యాప్‌టాప్ తప్పు. లేకపోతే మీ ఆఫీసోళ్ల తప్పు."

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఫిర్యాదు వచ్చిన నాలుగు గంటల్లో దాన్ని మూసేయాలి. మూయాలంటే కస్టమరు ఫోనుకు ఒక నంబరు వస్తుంది, ఆ నంబరు మాకు చెప్పాలి. చెప్పగానే "మీ సమస్య పరిష్కారమైంది" అని వాళ్లకు మెసేజ్ పోతుంది. మూయకపోతే మా బ్రాంచి పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. ఎర్ర చుక్క కోసం మా బ్రాంచి మేనేజరు పెట్టే కేకలు మెట్రో స్టేషన్ దాకా వినిపించేవి. అందుకని మేం ముందు నంబరు తీసుకుని, తర్వాత తీరిగ్గా పని చేసేవాళ్లం. అందరూ అదే చేసేవాళ్లు, నేను అందరికన్నా ఎక్కువ చేసేవాణ్ని. ఆ రోజు ఆ అమ్మాయి దగ్గర నంబరు తీసుకున్నాను. పది రోజులకు రెండోసారి ఫిర్యాదు చేస్తే అసలు వెళ్లనే లేదు. "రేపొస్త బిడ్డా, ముందు ఆ నంబర్ చెప్పు," అని ఫోన్లోనే అడిగాను. పాపం, చెప్పింది. ఆ రేపు రాలేదు.

ఒక మంగళవారం సాయంత్రం ఆమే నేరుగా నా ఫోనుకు చేసింది. తిడుతుందనుకుని గొంతు సవరించుకున్నాను. తిట్టలేదు. అందుకే భయమేసింది.

"అంకుల్, ఈసారి నంబర్ ఇయ్యను. ముందు నేను చెప్పేది వినుండ్రి."

విన్నాను. వాళ్ల ఆఫీసు అందర్నీ వెనక్కి రమ్మంది. ఈమెను మాత్రం డాక్టరు చీటీ చూసి ఇంటి నుంచి చేయనిచ్చారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఆస్ట్రేలియా వాళ్లకు అప్పగించే బాధ్యత ఈమెదే. మీటింగులో రెండుసార్లు మధ్యలో మాయమైపోయింది. నెట్ పోయింది సార్ అంటే వాళ్ల మేనేజరు సాక్ష్యం అడిగాడు. ఈమె మా కంపెనీ మెసేజీలు పంపింది.

"దాంట్ల ఏమున్నది అంకుల్? రెండుసార్లూ 'పరిష్కారమైంది' అనే ఉన్నది. ఇగ నేనే అబద్ధమాడుతున్నననుకుంటుండు మా సార్. రేపు పదకొండింటికి ఆఖరి మీటింగ్. రేపు గిట్ల కట్ అయితే నా పని వేరేటోళ్లకు ఇచ్చేస్తరంట, నన్ను ఆఫీసుకు రమ్మంటరంట. మంచం దిగొద్దన్న మనిషిని ఎట్ల పోత? పోకపోతే ఉద్యోగం పోయినట్టే."

ఆమె పంపిన ఆ రెండు మెసేజీలూ నేను పుట్టించినవే.

బుధవారం పొద్దున్న సరిగ్గా పదింటికి ఇద్దరం ఆ ఇంట్లో ఉన్నాం. నేను అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి ఫోను తీశాను. తొంబై! నాకు పిచ్చెక్కింది. గోదారాయన నా భుజం మీదుగా తొంగిచూసి అన్నాడు, "అమ్మా, మీటింగులో ఉన్నప్పుడు ఈ తలుపు ఇలాగే తీసుంటుందా అండి?"

"లేదంకుల్. బయట కుక్కరు, టీవీ చప్పుడు. మూసే ఉంటది."

మేం మొహాలు చూసుకున్నాం. వెనక నుంచి అత్తమ్మ కసిరింది: "గుమ్మంల నిలవడి ఏం జూస్తరయ్యా? లోపటికి పోయి చూడున్రి. అది మీ బిడ్డ లెక్క గాదా?"

మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టి తలుపు మూశాను. మూయగానే తలుపు లోపలివైపు కనిపించింది. కింది నుంచి పై దాకా ఇనుప రేకు! చెద పట్టిందని ఇల్లు గలావిడ కొట్టించిందట. పక్కనే హాలు వైపు గోడంతా కప్పేస్తూ రెండు ఇనుప బీరువాలు. ఫోను చూసుకున్నాను. తొంబై కాస్తా మూడైంది, మూడు ఒకటైంది, ఆ తర్వాత చక్రం తిరుగుతూ ఉండిపోయింది. నేను ఆ పిల్లను ఇనప్పెట్టెలో కూర్చోబెట్టి, బయట నిలబడి నెట్ బ్రహ్మాండం అంటున్నానన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను. తలుపు తీసి గోదారాయనతో ఒక్కటే మాటన్నాను.

"వైరెయ్యాలె."

ఆ మనిషి నవ్వితే నవ్వాడు గానీ, ఎగతాళి చేయలేదు. "ఎలాగండి? నేల మీద వద్దు, అమ్మాయి మళ్లీ తూలుతుంది. గోడకు మేకు వద్దు. తలుపు మూయాలి. టైము పదీ పదిహేను."

బీరువా పక్కన బయటి గోడలో, పైకప్పు దగ్గర, గుడ్డ కుక్కిన గుండ్రటి కన్నం కనిపించింది. ఇదివరకు అద్దెకున్నవాళ్లు ఏసీ పైపు కోసం పెట్టించిన కన్నం! నేను చిన్నపిల్లాడిలా కేక పెట్టాను. హాలుకు బాల్కనీ ఉంది. బాల్కనీలోంచి వైరు బయటికి పంపితే, గోడ వెంబడి వచ్చి ఈ కన్నంలో దూరుతుంది. ఒక్క మేకు అక్కర్లేదు. చిక్కల్లా మధ్యలో పది అడుగుల ఉత్త గాలి, కింద రెండంతస్తుల లోతు.

కుర్చీ ఎక్కాను. మోకాళ్లు కటకటమన్నాయి, పోనిమ్మన్నాను. గుడ్డ పీకి, కన్నంలోంచి వైరు బయటికి తోశాను. గోదారాయన బాల్కనీలోంచి ఒళ్లంతా వంచి చెయ్యి చాచాడు. అందలేదు. వైరు తేలిగ్గా ఉండి గాలికి ఎటో పోతోంది. "బరువు కట్టండి గురువుగారూ!" అని అరిచాడు. అత్తమ్మ వంటింట్లోంచి ఇనుప గరిటె తెచ్చిచ్చింది. వైరు చివర గరిటె కట్టి వదిలి ఊపడం మొదలుపెట్టాను. అటు, ఇటు, అటు, ఇటు. నాలుగో ఊపుకు గరిటె పోయి కింది అంతస్తు కిటికీ ఊచలకు ఠంగుమని తగిలింది.

కిటికీలోంచి ఇల్లు గలావిడ తల బయటికొచ్చింది. "ఏందయ్యో గిది! నా కిటికీలు పలగ్గొడుతున్రా? గోడకు మేకు కొడితే ఊకోనని చెప్పిన గద!"

"మేకూ లేదు, గీకూ లేదు!" బాల్కనీలోంచి అత్తమ్మ గట్టిగా అరిచింది. "కోడలి నౌకరీ పోయేటట్టున్నది. నువ్వు జర నీ బూజుకర్ర తీస్కొని మీదికి రా!"

ఆవిడ రాదనుకున్నాను. వచ్చింది! ఆయాసపడుతూ, పొడుగాటి బూజుకర్ర భుజాన వేసుకుని వచ్చింది. గోదారాయన చేతికి కూడా ఇవ్వలేదు. "నా ఇంటి గోడ నాకు తెల్వదా, జరుగు," అని తనే బాల్కనీ అంచున నిలబడి కర్ర చాచింది. నేను ఊపాను. తప్పిపోయింది. మళ్లీ ఊపాను. బూజుకర్ర కుచ్చులో గరిటె చిక్కుకుంది. "దొరికింది! గుంజున్రి!" అని ఆవిడ పెట్టిన కేకకు ఎదురు బిల్డింగువాళ్లు బాల్కనీల్లోకి వచ్చారు. పదీ నలభై.

ఇక వైరు రెండు చివర్లా ప్లాస్టిక్ జాక్‌లు బిగించాలి. ఎనిమిది రంగుల సన్న పోగులను వరసలో పేర్చి నొక్కాలి. గోదారాయన హాల్లో తన వైపు చిటికెలో బిగించేశాడు. నేను? ఒకప్పుడు మాటల మధ్యలో బిగించి పారేసినవాణ్ని. వైఫై మోజులో పడి ఎన్నాళ్లయిందో ముట్టుకుని! బిగించి పెడితే లైటు వెలగలేదు. ఆకుపచ్చ, నీలం పోగులు తారుమారు చేశాను. పదీ యాభై రెండు. మంచం మీద ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ నా చేతులకేసే చూస్తోంది.

"అంకుల్, ఫికర్ చెయ్యకుండ్రి. మెల్లగ చెయ్యుండ్రి," అంది. నాకు ధైర్యం ఆమె చెప్పింది!

జాక్ కోసేసి, కళ్లజోడు తుడుచుకుని, రంగులు పైకి చదువుకుంటూ మళ్లీ పేర్చాను. నొక్కాను. ఆమె ఆఫీసు ల్యాప్‌టాప్ లావుపాటిది, వైరు పెట్టే చోటు ఉంది. పెట్టాను. పచ్చ లైటు టపటపా కొట్టుకోవడం మొదలైంది! తలుపు మూసి చూశాం. అదే స్పీడు. మళ్లీ మూశాం. అదే! గోదారాయన తలుపు అవతల నుంచి "వచ్చిందాండీ?" అని అరుస్తుంటే లోపల నుంచి తలుపు రేకు మీద దబదబా బాదాను. పదీ యాభై ఎనిమిదికి ఆమెను వదిలి బయటికి వచ్చాను.

ఆ తర్వాత గంటంబావు మేం నలుగురం హాల్లో కూర్చున్న తీరు చూసి తీరాల్సింది. అత్తమ్మ స్టవ్ ఆపేసింది. ఇల్లు గలావిడ బూజుకర్ర ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంది, ఇంటికి పొమ్మంటే పోలేదు. గోదారాయన డబ్బా మీది లైట్లకేసి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. లోపల నుంచి ఇంగ్లీషు ఆగకుండా వస్తోంది. ఒక్కసారి ఆగింది. నేను లేచి నిలబడ్డాను. మళ్లీ మొదలైంది, నవ్వు కూడా వినిపించింది. నీళ్లు తాగడానికి ఆగిందట, తర్వాత చెప్పింది.

పన్నెండుంబావుకు గదిలోంచి పిలుపొచ్చింది. "అంకుల్, జర లోపటికి రాండ్రి. మా సార్ మీతోని మాట్లాడుతడంట."

తెర మీద ఆస్ట్రేలియా వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మేనేజరు ఒక్కడే ఉన్నాడు. కోస్తా మాట, మర్యాదస్థుడే. "నమస్కారమండి. ఇవాళ చాలా బాగా వచ్చింది. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ కంపెనీ రెండుసార్లూ బాగైపోయిందని రాసింది. ఈ అమ్మాయి బాగవలేదంది. మరి ఇవాళ మీరొచ్చి ఏం బాగు చేశారండి? నేనెవర్ని నమ్మాలి?"

గుమ్మంలో గోదారాయన చేతిలోని వైరు ముక్క చూపించి నాకు సైగ చేశాడు. పాత వైరు చెడిపోయిందని చెప్పమని. నా మంచి కోరే చేశాడు. రిటైర్మెంటుకు నాకు ఏడాది కూడా లేదు, ఇంతవరకూ ఫైలులో ఒక్క మచ్చ లేదు. ఆ చిన్న అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మంచం మీద ఆ అమ్మాయి తలవంచుకుని దుప్పటి అంచు మడత పెడుతోంది. నా వైపు చూడనైనా లేదు. నా దగ్గర నుంచి ఆమె నిజం ఆశించడం లేదని అర్థమైంది. అది నాకు కొరడా దెబ్బలా తగిలింది.

"అమ్మాయినే నమ్మాలె సార్," అన్నాను. "మొదటిసారి నేను ఈ గదిలకే రాలేదు. రెండోసారి ఇంటికే రాలేదు. బాగయిందని నేనే రాయించిన. మంచిగున్న వైరు పీకేసింది గూడ నేనే. నా మాట మీద ఈ బిడ్డను అనుమానించకుండ్రి. కావాల్నంటే రాసిస్త."

ఆయన అన్నాడు: "రాసివ్వండి. నాకూ పైవాళ్లు అడుగుతారు." ఆమె వైపు తిరిగి, "సారీ అమ్మా. ఈ పని నీ దగ్గరే ఉంటుంది. డెలివరీ దాకా ఇంటి నుంచే చెయ్యి," అన్నాడు.

ఇల్లు గలావిడ బూజుకర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచింది. అత్తమ్మ ఏడుస్తూ నవ్వింది. గోదారాయన నన్ను కావలించుకున్నంత పని చేశాడు. నేను ఎగిరి గంతేసేవాణ్నే, మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ సంబరంలోనే ఆ అమ్మాయి నన్ను పిలిచి, కోపం లేకుండా, మెల్లగా అడిగింది.

"అంకుల్, గీ మాట రెండోసారి నేను ఫోన్ చేసినప్పుడే చెప్తే అయిపోవు గద? 'నేను చూడలేదు బిడ్డా' అని ఒక్క మాట."

సంచీ సర్దుకుని వచ్చేశాను.

రాసిచ్చాను. రెండు పేజీలు, తెలుగులో, సంతకంతో. వారం తిరక్కుండా మా కంపెనీ నాకు మెమో ఇచ్చింది, బ్రాంచి మేనేజరు కేకలు ఈసారి మెట్రో స్టేషన్ దాటి వినిపించాయి. కానీ అదంతా తర్వాత. ఆ గురువారం పొద్దున్నే షట్టరు ఎత్తగానే, నేను ఫోన్లోనే నంబరు అడిగి మూసేసిన ఫిర్యాదులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. కాగితం రెండో వైపుకు తిరిగింది. గోదారాయన పక్కన కూర్చుని చూశాడు, లేచి నిచ్చెన బండికి కట్టడం మొదలుపెట్టాడు.

మొదటి ఫోను కోకాపేటకు. ఇంటి నుంచి పని చేసే ఒకాయన.

"సార్, పోయిన వారం మీ నెట్ బాగయిందని రాసిన. నిజంగా బాగయిందా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అవలేదండి," అన్నాడు ఆయన. "ఎవరూ రానే లేదు. ఎప్పుడొస్తారు?"

"బయల్దేరినం సార్," అన్నాను.